మాత్రలు పంచిపెట్టిన మా బావ

మా బావ కాటమరాజుతో అరగంట మాట్లాడి, కోపం తెచ్చుకోకుండా లేచివచ్చిన మనిషిని నేను చూడలేదు. ఆయన అరవడు, తిట్టడు, ఎదురు చెప్పడు. మనం చెప్పిందంతా తలూపుతూ వింటాడు. "నిజమే సామీ, నువ్వు చెప్పింది నిజమే" అంటాడు. ఆ తర్వాత గొంగళి దులుపుకుని వెళ్లి తనకు తోచిందే చేస్తాడు. మా అక్క శ్రీశైలమ్మ పెళ్లైన కొత్తలో ఆ తలూపుడు చూసి, మొగుడు ఎంత మెతకవాడో అని మురిసిపోయిందట. ఆ మురిపెం ఎన్నాళ్లు నిలిచిందో ఆమెనే అడగాలి.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడి పదేళ్లయిన రోజులవి. మార్కాపురం తాలూకా అప్పటికింకా కర్నూలు జిల్లాలోనే ఉంది. పెద్ద దావా అయినా, పెద్ద రోగమైనా కర్నూలు పోవాల్సిందే. నేను తర్లుపాడు స్టేషన్లో పాయింట్స్‌మన్‌ను. బండి వచ్చే ముందు పట్టాలు మార్చడం, సిగ్నలు దించడం నా పని. చెప్పింది చెప్పినట్టు చేయకపోతే మనుషులు చచ్చిపోయే ఉద్యోగం నాది. అలాంటివాడికి దేవుడు ఇలాంటి బావను ఇచ్చాడు.

స్టేషనుకు రెండు మైళ్ల అవతల మా వాళ్ల పల్లె. అక్కడే అక్కాబావల ఇల్లు, గొర్రెల దొడ్డి. పగలంతా మేపడం, రాత్రిళ్లు ఏ రైతు పొలంలోనో మందను పడుకోబెట్టి ఎరువు వేయించడం, ఎండాకాలం వస్తే నల్లమలకు తోలుకుపోవడం, అంతే ఆయన జీవితం. దాంతో ఊరుకుంటే బాగుండేది. ఆయనకు మందులు కూడా తెలుసు. గొర్రెకు ఏం జబ్బు చేసినా చుట్టుపక్కల పల్లెలవాళ్లు బావ దగ్గరికే వచ్చేవాళ్లు. ఆకులు నూరి, వెదురు గొట్టంలో పోసి, గొర్రె మూతి పైకెత్తి తాగించేవాడు. ఒక గొర్రెకు జబ్బు చేస్తే ఆ ఒక్కదానికే పోసేవాడు కాదు, జబ్బులేని వాటితో సహా మందంతటికీ పోసేవాడు. ఒకదాన్ని పట్టింది ఇంకోదాన్ని పట్టకుండా ఉండదని ఆయన లెక్క. పైగా అడిగినవాడికి లేదనేవాడు కాదు, ఎవరి దగ్గరా ఏమీ ముట్టేవాడు కాదు. లేదన్నా, ఏమన్నా తీసుకున్నా ఆ చేతి మందు ఇంక పనిచేయదని వాళ్ల నాయన చెప్పిపోయాడట. గొర్రెలకు మందిచ్చేవాడు మనుషులకు ఇవ్వడం మొదలుపెట్టడానికి ఎంతసేపు? కడుపునొప్పికీ, గజ్జికీ, చంటిపిల్లల దగ్గుకూ కూడా ఆయన గుమ్మమే తొక్కేవాళ్లు.

ముందు ఆయన మెడ కుడిపక్కన ఒక గడ్డ లేచింది. నొప్పి లేదు. తర్వాత దాని పక్కన ఇంకోటి, చంకలో ఒకటి. రాత్రిళ్లు చెమటలు పట్టి పక్కబట్టలు తడిసిపోయేవి. మనిషి చిక్కిపోయాడు. అక్క కబురు చేస్తే వెళ్లాను. మెడ మీద నల్లగా కాలిన మచ్చలు వరసగా ఉన్నాయి. గొర్రెకు గొంతు వాస్తే వాత పెడతారు. ఈయన ఆ వాతే తనకు తాను పెట్టుకున్నాడు.

"ఏంది బావా ఇది?" అన్నాను.

"వాత ఏసుకున్నా. తగ్గుతాది లే."

"ఎప్పుడు ఏసుకున్నావు?"

"ఉగాదికి ముందు."

మేం మాట్లాడుకుంటున్నది దసరా నాడు.

కర్నూలు పోదామంటే తలూపాడు. ఆ తలూపుడు సంగతి తెలిసినవాణ్ని కాబట్టి, నంద్యాల సంతలో మంచి మేకలు దిగాయని అబద్ధం చెప్పి బండెక్కించాను. బండి గిద్దలూరు దాటి బొగద సొరంగంలో దూరాక అసలు సంగతి చెప్పాను. చీకట్లో ఆయన మొహం కనపడలేదు కానీ, "నిజమే సామీ" అన్న మాట మాత్రం వినపడింది. నంద్యాలలో ఆయన చెయ్యి వదలకుండా కర్నూలు బస్సెక్కాను.

పెద్దాసుపత్రిలో గడ్డ ముక్క కోసి మద్రాసు పంపించారు. కొన్ని వారాలకు తెలిసింది. లింఫోమా అట. ఒంట్లో జబ్బులు చొరబడకుండా కాపలా కాసే గ్రంథులుంటాయి, వాటికే కాన్సర్ వచ్చిందని డాక్టరు గారు చెప్పారు. మాత్రలు రాసి, మిగతాది నర్సమ్మ చెబుతుందని పక్క గదిలోకి పంపారు. ఆమె పేరు లీదియా. సన్నగా, గట్టిగా, ఎవరికీ భయపడని మనిషి. మాత్రల సీసా చేతిలో పట్టుకుని, చిన్నపిల్లలకు చెప్పినట్టు చెప్పింది.

"ఇవి గడ్డను కరిగిస్తాయి పెద్దాయనా. అయితే నీ నెత్తురులో రోగంతో కొట్లాడే తెల్లకణాలు ఉంటాయే, వాటిని గూడా తగ్గిస్తాయి. మరీ తగ్గితే చిన్న రోగమొచ్చినా నువ్వు తట్టుకోలేవు. అందుకే రెండు వారాలకోసారి వచ్చి నెత్తురు చూపించుకోవల్ల. ఒళ్లు ఎచ్చబడితే ఆ పొద్దే బయల్దేరి రావల్ల. కషాయం తాగి పడుకుంటే పానం పోతాది. ఇంకొకరు ఈ సీసా ముట్టకూడదు. ఇనపడిందా?"

"నిజమే తల్లీ" అని తలూపాడు బావ.

ఆమె కాసేపు ఆయన్ను చూసి నా వైపు తిరిగింది. "ఈయన ఎప్పుడూ ఇట్లనే తలకాయ ఊపుతాడా?"

"అవునమ్మా."

"అయితే ఆయన్ను వదిలేయ్. నువ్వు ఇను."

అంతా మళ్లీ నాకు చెప్పింది. నేను విన్నాను. విని ఏం లాభం? మాత్రలు మింగాల్సింది నేను కాదు కదా.

మొదటి వారం వాంతులు. దానికి కూడా ఆసుపత్రిలో వేరే మాత్రలిచ్చారు, వికారం ఆగడానికి. బావ వాటిని ముట్టలేదు. గొర్రెకు మందు పోశాక కడుపు కదిలితేనే మందు పనిచేసినట్టు. అందుకని వాంతి అయిన ప్రతిసారీ మూతి తుడుచుకుని, "పోతాండాది, లోపలి చెడంతా పోతాండాది" అని సంతోషపడేవాడు. అక్క తల కొట్టుకునేది. తర్వాత నోట్లో పుళ్లు లేచాయి. మెత్తగా అన్నం, మజ్జిగ పెట్టమని లీదియమ్మ చెప్పింది. ఈయన గొడ్డుకారం కలుపుకుని తింటూ, కళ్లనీళ్లు కారుతుంటే, పుండుకు మంట పుడితేనే మానుతుందని మాకే నేర్పించాడు. వినీ వినీ నా చెవులు హోరెత్తాయి. "అక్కా, నీ మొగుణ్ని నువ్వే చూసుకో" అని చెప్పి డ్యూటీకి వెళ్లిపోయాను. మళ్లీ మర్నాడే వెళ్లాను. అదే నా కర్మ.

ఇంతలో గడ్డలు కరిగాయి. నిజంగానే కరిగాయి. నిమ్మకాయంత ఉన్నవి రేగుపండంత అయ్యాయి, తర్వాత వేలితో వెతికితేగాని దొరకలేదు. ఆకలి పుట్టింది, బుగ్గలు నిండాయి. ఇంక ఆ మనిషిని పట్టడం ఎవరి తరం? చొక్కా గుండీలు విప్పి కనపడ్డవాడికల్లా మెడ చూపించాడు. సంతలో చూపించాడు, త్రిపురాంతకం తిరణాలలో చూపించాడు. "చెయ్యి పెట్టి చూడు, ఏమన్నా ఉందా?" అని జనం చేతులు పట్టుకుని మెడ మీద పెట్టించుకున్నాడు. బాగైనవాడు నలుగురికీ చెప్పుకుంటే తప్పేముంది అనుకున్నాను. కొంచెం గర్వపడ్డాను కూడా, కర్నూలు తీసుకుపోయింది నేనే కదా అని.

ఎండలు ముదిరాయి. నెత్తురు పరీక్షకు పోవాల్సిన నాడు బండి వచ్చింది, పోయింది, బావ రాలేదు. పల్లెకు వెళితే అక్క ఒక్కతే ఉంది. మందను తోలుకుని నల్లమలకు పోయాడట. సెలవు పెట్టి, గిద్దలూరులో దిగి, అడవిలో పడి అడుగుతూ పోయాను. ఒక చెలమ దగ్గర చెట్టు కింద కూర్చుని గొర్రె డెక్క గీరుతున్నాడు. నన్ను చూసి మొహమంతా నవ్వు.

"రా సామీ రా, కూచో. ఎండన పడి వచ్చినావే?"

"నెత్తురు చూపించుకోవల్ల కదా బావా."

"నెత్తురేముంది, యాడికి పోతాది? అడివిలో మేతుంది ఇప్పుడు. వానలు పడినాక పోదాం."

ఆ రోజు నేను తిట్టిన తిట్లు ఆ అడవి అంతకుముందు విని ఉండదు. ఆయన అన్నీ విని, తలూపి, గ్లాసుడు గొర్రెపాలు తాగమని ఇచ్చాడు. ఈసారి నేను జారుకోనివ్వలేదు. మందను పక్క మందవాళ్లకు అప్పజెప్పించి కర్నూలు లాక్కుపోయాను.

అక్కడ లీదియమ్మ పరీక్ష కాగితం చూసి కనుబొమలు ముడిచింది. కణాలు తగ్గాల్సినంత తగ్గలేదట. చంకలో గడ్డ మళ్లీ చేతికి తగులుతోందట.

"మాత్రలు దినాం ఏసుకుంటున్నాడా?"

"వేసుకుంటున్నాడమ్మా. సీసా ఎప్పుడూ ఆయన మొలలోనే ఉంటుంది" అన్నాను.

"మొలలో ఉంటే ఏం లాభమయ్యా, కడుపులో ఉండల్ల" అంది.

బావ తలూపాడు. దారిలో అడిగాను, ఇంట్లో అడిగాను. "ఏసుకుంటాండా సామీ" అన్నాడు. అబద్ధం కాదది. వేసుకుంటున్నాడు, కానీ రోజు విడిచి రోజు. మిగతావి ఏమవుతున్నాయో ఆ వానాకాలంలో తెలిసింది.

ఒక పొద్దున బండికి సిగ్నలు దించి వస్తున్నాను. స్టేషన్ ముందు ఎద్దుల బండి ఆగింది. దాన్ని తోలుకొచ్చింది మా పల్లె దేవరాజు. వరసకు బావకు అన్న కొడుకు, సొంత మంద ఉన్నవాడు. బండిలో గడ్డి మీద వాడి పెళ్లాం వీరమ్మ పడుకుని ఉంది. పాతికేళ్లు కూడా లేవు ఆ పిల్లకు. ఒళ్లు పొయ్యి మీది పెనంలా కాలుతోంది. పెదాలు పగిలి, చిగుళ్ల నుంచి నెత్తురు కారుతోంది. చేతుల మీద సన్నగా ఎర్రటి మచ్చలు. మింగలేక ఉమ్మి బయటికే వదిలేస్తోంది.

"మాత్రలేసుకుంది మామా" అన్నాడు దేవరాజు. "మెడ కాడ గడ్డలు లేచినాయి దీనికి. చిన్నాయన కాడికి పోయి చూపించినాం. నాదీ ఇదే, నాకు తగ్గలేదా అని ఆయన సీసాలో దాచిపెట్టినవి ఇచ్చినాడు. నెలపైన అయింది. గడ్డలు కొంచెం మెత్తబడినట్టు ఉంటే మంచిదే అనుకుంటిమి. వారం నుంచి ఇట్ల అయిపోయింది."

వెంటనే నంద్యాలకు టికెట్లు తీశాను. రైలు వచ్చేసరికి బావ కూడా పరుగెత్తుకుంటూ వచ్చాడు, ఎవరు చెప్పారో ఏమో. అందరం రైలెక్కాం. గిద్దలూరు వచ్చింది, సొరంగం వచ్చింది, నంద్యాల వచ్చింది. వీరమ్మ తల ఒళ్లో పెట్టుకుని దేవరాజు కూర్చుంటే, ఎదురుగా ఈయన కూర్చుని తడిబట్టతో ఆ పిల్ల పెదాలు తుడుస్తున్నాడు. ఆ చేత్తోనే కదా ఇచ్చింది అనుకుంటే ఆ గుడ్డ లాక్కుని బయటికి విసిరేయాలనిపించింది.

వీరమ్మను ఎవరినీ రానివ్వని గదిలో పెట్టారు. నెత్తురులో తెల్లకణాలు దాదాపు లేవట. నెత్తురు గడ్డకట్టే శక్తి కూడా పోయిందట. సంగతి తెలిసి లీదియమ్మ బయటికి వచ్చింది. వరండాలో గోడకు ఆనుకుని కూర్చున్న బావ ముందు నిలబడింది.

"ముట్టకూడదని చెప్పినానా లేదా?"

"చెప్పినావు తల్లీ."

"మరి ఎందుకిచ్చినావు?"

"అడిగింది తల్లీ. అడిగితే లేదని ఎట్లంటాను?"

"నీ గడ్డ ఏరు, ఆమె గడ్డ ఏరు. ఆమెది క్షయ గడ్డ. దానికి ఏరే మందుంది, దాంతో తగ్గిపోయేది. నువ్విచ్చింది గడ్డనేం చేసిందో గానీ ఆమె ఒంట్లో ఉన్న బలగాన్నంతా చంపేసింది. ఇంకెంతమందికి పంచినావు?"

ఇంకో ఇద్దరికి. వాళ్లు వికారానికి భయపడి రెండో రోజే పారేశారు కాబట్టి బతికిపోయారు. వీరమ్మే బుద్ధిమంతురాలు, చెప్పింది చెప్పినట్టు రోజూ మింగింది. ఈ లోకంలో చెప్పినమాట వినేవాళ్లకే ఎందుకిలా జరుగుతుందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

బావ ఈసారి తలూపలేదు. ఆ తల ఊగకుండా అలా నిలిచిపోవడం నేను మొదటిసారి చూశాను. ఆమె లోపలికి వెళ్లిపోయాక కూడా ఆ గోడ దగ్గర నుంచి కదల్లేదు. మేం తెచ్చిన అన్నం తినలేదు. దేవరాజు ఆయన పక్క నుంచి వస్తూ పోతూ కూడా మొహం తిప్పుకునేవాడు.

వారం గడిచాక వీరమ్మకు జ్వరం దిగింది. బతుకుతుందన్నారు. హమ్మయ్య అనుకునేలోపల మా బావ నాకు ఇంకో పని పెట్టాడు. మాత్రలు మానేశాడు. సగం సగం కాదు, పూర్తిగా. సీసా ఏదని అడిగితే ఆసుపత్రి వెనక పాతిపెట్టానన్నాడు.

"అది మందు గాదు సామీ. ఇసం. నేను పంచింది ఇసం."

"ఆ పిల్లకు విషం. నీకు మందు" అన్నాను.

"ఒకరికి ఇసమైంది ఇంకొకరికి మందెట్ల అయితాది?"

మనిషికి ఎంత చెప్పాలి? ఇన్నాళ్లూ మందంతటికీ ఒకటే మందు అన్నాడు. ఇప్పుడు మందంతటికీ ఒకటే విషం అంటున్నాడు. మధ్యలో ఇంకో ఆలోచనకు ఆ బుర్రలో చోటే లేదు. మా అక్క కర్నూలు వచ్చి కాళ్ల మీద పడింది. నేను బతిమాలాను, తిట్టాను, చొక్కా పట్టుకుని ఊపాను కూడా. చంకలో గడ్డ నిమ్మకాయంత అయింది. మెడలో కూడా మొదలైంది. డాక్టరు గారు ఇంకో నెల ఇలాగే పోతే ఏ మందూ అందుకోలేదని తేల్చేశారు.

చివరికి ఆయన చేత మింగించింది వీరమ్మ. కొంచెం తేరుకున్నాక గది బయటికి తెచ్చి వార్డులో పడుకోబెట్టారు. బావ గుమ్మం దగ్గరే నిలబడ్డాడు, లోపలికి అడుగు పెట్టలేక. ఆ పిల్లే పిలిచింది.

"మామా, ఇట్ల రా. మాత్రలు మానేసినావంట?"

ఈయన నేల చూస్తూ నిలబడ్డాడు.

"నా కోసరం మానేసినావా? మానేసి చచ్చిపోతే ఆ మాట నా మెడకు చుట్టుకోదా? వీరమ్మ వల్ల కాటమరాజు పోయినాడని అంటారు అందరూ. నాకొద్దు ఆ మాట. ఏసుకో."

లీదియమ్మ కొత్త సీసాలోంచి మాత్ర తీసి ఆయన అరచేతిలో పెట్టింది. వీరమ్మ చూస్తుండగా మింగాడు. మింగాక బయటికొచ్చి చెట్టు కింద కూర్చుని ఏడ్చాడు. నాకు కోపం పోయిందని చెప్పను. కానీ పక్కన కూర్చున్నాను.

ఆ తర్వాత సీసా మా అక్క చేతికి వెళ్లింది. పొద్దున గొర్రెలు దొడ్డి దాటకముందే ఆమె ఇచ్చేది, ఆయన మింగి నోరు తెరిచి చూపించేవాడు. మొత్తం మోతాదు ఒంటపట్టింది కదా, ఈసారి గడ్డలూ తగ్గాయి, నెత్తురులో కణాలూ బాగా తగ్గాయి. డాక్టరు గారు మోతాదు కొంచెం తగ్గించి, ఇప్పుడు జ్వరం వస్తే మాత్రం ఒక్క రోజు కూడా ఆగడానికి లేదని నాకు మళ్లీ చెప్పారు. నాకు నిద్ర పట్టేది కాదు. బావ జ్వరం వస్తే ఏం చేస్తాడో నాకు బాగా తెలుసు. మిరియాల కషాయం తాగి, గొంగళి ముసుగేసి, గొర్రెల మధ్య పడుకుంటాడు. ఆ వేడికి ఎంత జ్వరమైనా దిగుతుందంటాడు. నలభై ఏళ్ల నుంచి దిగుతూనే ఉంది, ఎలా మాన్పిస్తాం?

ఊరు ఇంకో పక్క నుంచి పీక్కుతింది. వీరమ్మ ఇంటికొచ్చింది, క్షయకు సూదులు వేయించుకుంటోంది, మెల్లగా తిరుగుతోంది. అయినా జనం గుర్తుపెట్టుకున్నది ఆమె బతకడాన్ని కాదు, చిగుళ్ల నెత్తురును. ఆ కర్నూలు మాత్రలు మనిషిని లోపల నుంచి తినేస్తాయట. కాటమరాజును కూడా తింటున్నాయట, చూస్తూ ఉండండి అట. త్రిపురాంతకం దగ్గర కాశీపతి అనే ఆసామికి మెడలో గడ్డలు లేస్తే, కొడుకులు కర్నూలు తీసుకుపోతామన్నా, "కాటమరాజు ఏమైతాడో చూసి పోతా" అన్నాడట. ఇలాంటి మాటలు ఎవరు మోసుకొస్తారో గానీ, అన్నీ మా అక్క చెవిలోనే పోస్తారు.

మాఘమాసంలో ఒక పొద్దున, ఇంకా మంచు విడవలేదు, నేను లాంతరు ఆర్పి పట్టాల వైపు వెళుతుంటే బెంచీ మీద ఎవరో గొంగళి కప్పుకుని కూర్చున్నారు. దగ్గరికి వెళ్లాను. బావ. రెండు మైళ్లు నడిచి వచ్చాడు. చెయ్యి పట్టుకుంటే కాలుతోంది. పళ్లు కొట్టుకుంటున్నాయి.

"ఎప్పటి నుంచి?"

"రాత్రి మొదలైంది. తెల్లవారుతూనే లేచి వచ్చినా. కషాయం తాగలే."

"మంద?"

"దేవరాజుకు అప్పజెప్పినా. వాడే తీసుకుంటానన్నాడు."

ఇన్నేళ్లలో ఈ మనిషి ఒక్కసారి, ఒకే ఒక్కసారి, చెప్పింది చెప్పినట్టు చేశాడు. సంతోషపడాలి. కానీ నాకు అంతకు ముందరి వాటన్నిటికీ కలిపి ఒళ్లు మండింది.

"మా అక్క కాళ్లు పట్టుకుంటే వినలేదు. నేను అడివంతా తిరిగి బతిమాలితే వినలేదు. ఈ పొద్దు ఎట్ల తెల్లారింది బావా నీకు?"

వణుకుతూ గొంగళి దగ్గరికి లాక్కున్నాడు. తర్వాత మెల్లగా చెప్పాడు.

"నేను పోతే ఏమంటారు సామీ ఊళ్లో? ఆ మాత్రలే చంపినాయంటారు. ఇంగ మెడలో గడ్డ లేచినోడు ఎవడన్నా ఈ బండెక్కుతాడా? గుండ్లకమ్మ ఏటి కాడ ముందు దిగిన పొట్టేలు కొట్టుకపోతే ఎనక ఒక్క గొర్రె దిగదు. నువ్వు కొట్టినా దిగదు. నేను ఒడ్డు ఎక్కల్ల."

"నీ కోసం కాదా? అక్క కోసం కాదా?"

"అయ్యన్నీ ఇప్పుడెందుకు. పోయి టికెట్లు తీసుకురాపో, బండొస్తాది."

స్టేషన్ మాస్టరు గారికి చెప్పి నేనూ ఎక్కాను. సొరంగంలో బండి దూరినప్పుడు ఆయన తల నా భుజం మీద వాలింది. చచ్చిపోయాడేమోనని భయపడి ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను. ఊపిరి వేడిగా తగిలింది. అలాగే వేలు పెట్టి కూర్చున్నాను నంద్యాల దాకా.

ఆ జ్వరం నుంచి ఒడ్డెక్కాడు. ఇంకో రోజు ఆలస్యమైతే దక్కేవాడు కాదని లీదియమ్మ నాతో చెప్పింది, ఆయనతో చెప్పలేదు. అప్పటి నుంచి గొర్రెలకు మందిచ్చాడు గానీ మనుషులకు ఇవ్వలేదు. ఎవరొచ్చినా, "నా కాడ లేదు, కర్నూల్లో ఉంది, మా బావమరిది తీసుకుపోతాడు" అనేవాడు. నన్నడక్కుండానే. కాశీపతిని అలాగే నా నెత్తిన పెట్టాడు, ఇంకా ఎందరినో. నా సెలవులన్నీ అలాగే ఖర్చయిపోయాయి.

నాలుగేళ్ల తర్వాత ఆ రోగమే తిరగబెట్టింది. మాత్రలు వేశారు, సూదులు వేశారు, ఈసారి దేనికీ లొంగలేదు. ఇంట్లోనే, మా అక్క చేతుల్లో పోయాడు. అప్పటికి మా తాలూకాను కర్నూలు జిల్లా నుంచి తీసేసి ఒంగోలు జిల్లాలో కలిపారు.

ఆయన దినాల భోజనాలకు చుట్టుపక్కల పల్లెలన్నీ వచ్చాయి. నేను విస్తళ్లు వేస్తూ జనం మాటలు వింటూ తిరిగాను, ఎవడు మాత్రలను ఒక్క మాటంటాడా, వాడితో కొట్లాట పెట్టుకుందామా అని. ఎవరూ అనలేదు. తినడం అయ్యాక కొమరోలు వైపు నుంచి వచ్చిన ఒక గొర్రెలాయన చెయ్యి కడుక్కుని నా దగ్గరికి వచ్చాడు. నేను ఎప్పుడూ చూడని మనిషి. తలపాగా కొంచెం జరిపి, చెవి కింద లేచిన గడ్డను నాకు చూపించాడు.

"కర్నూలు బండి ఎన్నింటికి నాయనా?" అన్నాడు.

ఇప్పుడు మనది ఒంగోలు జిల్లా అని చెప్పబోయి, ఊరుకున్నాను. పొద్దున్నే రమ్మన్నాను. నేనూ వస్తానని చెప్పాను.